ఏనుగు ఒకటా, రెండా?

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం, చిన్నప్పుడు నా దగ్గర వీణ నేర్చుకొని ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి, తాను కూర్చిన వాద్య రచన ఒకటి వాట్సాప్‌లో పంపించింది. దాని వెంట ఒక శిల్పం ఫొటో, ఆ ఫొటో కింద రెండు వాక్యాలు ఉన్నాయి: “మాస్టారండీ, ఈ శిల్పాన్ని చూసి చేశాను. మొహమాటపడకుండా చెప్పండి.” రికార్డింగు నిడివి 7 నిమిషాల 20 సెకన్లు. వీణ తానే వాయించింది, వయొలినూ మృదంగమూ ఇద్దరు మిత్రులు వాయించారు, శ్రుతి పెట్టెకు తోడుగా కీబోర్డు మీద పట్టిన మంద్రస్థాయి షడ్జం, అంటే కింది స్థాయి ‘స’, ఒకటి అడుగున సాగుతూ ఉంది.

మొహమాటపడకుండా చెప్పమని అడిగేవాళ్లలో చాలామంది కోరుకొనేది మొహమాటాన్నేనని, ముప్ఫై ఏళ్లుగా గుంటూరు బ్రాడీపేటలో వీణ పాఠాలు చెప్పుకుంటున్న నాకు తెలియని సంగతి కాదు. అయితే ఈ అమ్మాయి ఆ కోవకు చెందినది కాదు. పన్నెండేళ్ల వయసులోనే, నేను “బాగుందమ్మా” అంటే “ఎక్కడ బాగుందండీ?” అని అడిగి నన్ను ఇరుకున పెట్టిన పిల్ల. అందుచేత ఫొటో తెరవకుండా పక్కన పెట్టి, ముందు రచనను విందామని కూర్చున్నాను. ఆ నిర్ణయానికి నా సొంత అనుభవం ఒకటి కారణం.

నాకు 26 ఏళ్లున్నప్పుడు, చిత్రకారుడైన ఒక స్నేహితుడు వేసిన గోదావరి చిత్రాన్ని చూసి ఉత్సాహం పట్టలేక వీణకు ఒక రచన కూర్చి, ఒక చిన్న సభలో వాయించాను. వాయించే ముందు ఆ చిత్రాన్ని అందరికీ కనబడేలా బల్ల మీద నిలబెట్టి, ఇక్కడ పడవ ఉంది, ఇక్కడ పొద్దు వాలుతోంది అని పది నిమిషాలు వివరించాను. వాయించడం అయ్యాక అక్కడున్న పెద్దలలో ఒకరు, “తాళం ఉన్న మాట నిజమే గానీ, అది ఎక్కడుందో ఇతనికొక్కడికే తెలియాలి” అన్నారు, అందరూ నవ్వారు. తక్కినవాళ్లు బాగుందనీ, ఇంకా సాధన చెయ్యాలనీ చెప్పి కాఫీల వైపు వెళ్లిపోయారు. ఆ ఎగతాళి నన్ను చాలా కాలం బాధించింది గాని, తరువాత ఆలోచిస్తే అంతకంటే బాధించవలసినది వేరే ఉందని తెలిసింది. తాళం ఏ ఆవర్తంలో, అంటే ఏ చుట్టులో, జారిందో ఆ పెద్దాయన చెప్పలేదు. ఏది బాగుందో మెచ్చుకొన్నవాళ్లూ చెప్పలేదు. నేను పట్టుకొని పనిచెయ్యడానికి ఇటునుంచి గాని అటునుంచి గాని ఒక్క మాట చేతికి రాలేదు. స్వరాలు రాసుకొన్న ఆ నోటుపుస్తకం ట్రంకు పెట్టెలో అడుగుకు చేరింది.

ఆనాటి నా తప్పు కూడా చెప్పుకోవాలి. బొమ్మను ముందు నిలబెట్టి, రచనకు దాన్ని జామీను ఉంచాను. పడవ వినబడకపోతే బొమ్మలో చూసుకోండి అన్నట్టుగా ఉంది ఆ వ్యవహారం. బొమ్మను చూసి పుట్టిన సంగీతం గురించి అభిప్రాయం చెప్పేవాడికి ఎదురయ్యే మొదటి ప్రమాదం ఇదే: బొమ్మ తెలిసిన తరువాత చెవి నిజం చెప్పడం మానేస్తుంది. ఏనుగు అని తెలిస్తే మృదంగం మీద ప్రతి గుంకీ (ఎడమచేతి బరువు దెబ్బ) అడుగులాగే వినిపిస్తుంది. కాబట్టి మొదటిసారి వినడానికి మాత్రం బొమ్మ అడ్డుండకూడదని నా పట్టుదల.

సరే, విన్నాను. శంకర్‌విలాస్ కూడలి వైపు నుంచి వచ్చే హారన్ల మోతకు తలుపు వేసి, హెడ్‌ఫోన్ లేకుండా, మామూలు స్పీకరు మీద విన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, “ఏమిటండీ, ఎవరిదో ఊరేగింపు వచ్చి వెళ్లి, తరువాత పిల్లవాణ్ణి నిద్రపుచ్చుతున్నట్టుంది” అన్నది. ఆమెకు సంగీతశాస్త్రం రాదు, శిల్పం సంగతి తెలియదు. ఆ మాటను మాత్రం కాగితం మీద మొట్టమొదట రాసుకొన్నాను, ఎందుకంటే ఏ ఆధారమూ లేకుండా విన్న మనిషికి ఏమి అందిందో రచయితకు చెప్పగలిగినది అలాంటి మాటే. రెండోసారి వింటున్నప్పుడు, చేతిలో పెన్సిలు పట్టుకొని, ఎక్కడ నా మనసు పక్కకు పోయిందో ఆ నిమిషం, ఆ సెకను రాశాను. 1:10 దగ్గర ఒక ఏనుగు ఘీంకారం, కీబోర్డులోంచి తీసినది. 2:05 నుంచి 2:50 వరకు నడక కుంటుతోంది, వీణ మృదంగం కింద పడిపోయింది. 3:38 దగ్గర నాలుగు సెకన్ల పూర్తి నిశ్శబ్దం. 3:42 నుంచి వేరే రచన మొదలైనట్టుంది. వయొలిన్ మొదటినుంచి చివరిదాకా వీణ వాయించినదే పై స్థాయిలో వాయిస్తోంది.

మొదటి సగం అఠాణా రాగం. తారషడ్జం, అంటే పై స్థాయి ‘స’, చుట్టూ తిరుగుతూ, ఎక్కడా కిందికి దిగి ఊపిరి తీసుకోనివ్వకుండా, ఆ రాగానికి ఉన్న రోషాన్ని బాగా పట్టుకొన్నది. రెండో సగం నీలాంబరి, జోలపాటలకు పేరుపడిన రాగం. మా ఆవిడ జోల అనుకోవడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

అప్పుడు ఫొటో తెరిచాను. అమరావతి స్తూపపు ప్రాకారానికి చెందిన ఒక గుండ్రటి ఫలకం అది, క్రీస్తుశకం 2వ శతాబ్దపు పని, ఇప్పుడు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. మన పక్కనే ఉన్న అమరావతి శిల్పాలలో చాలావాటిని చూడాలంటే చెన్నైకో లండనుకో పోవలసి రావడం, 1797లో బ్రిటిషు అధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూసిన నాటినుంచి జరిగిన చరిత్ర, దాని జోలికి ఇక్కడ పోను. ఫలకంలోని కథ రాజగృహంలో జరిగినది. బుద్ధుని మీద పగబట్టిన దేవదత్తుడు, నలగిరి అనే ఏనుగుకు కల్లు పట్టించి వీధిలోకి వదిలిస్తాడు. అది మనుషులను తొక్కుకుంటూ వస్తుంది. బుద్ధుడు తన మైత్రితో దాన్ని శాంతింపజేస్తాడు. శిల్పి ఈ కథను రెండు పలకలుగా విడగొట్టలేదు. ఒకే గుండ్రంలో ఎడమవైపు మదించిన ఏనుగు వీధిలో చెలరేగుతూ ఉంటుంది, కుడివైపు అదే ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లి ఉంటుంది. రెండింటికీ మధ్య గోడ లేదు, గీత లేదు. పైన మేడ కిటికీలలోంచి జనం తొంగి చూస్తూ ఉంటారు. కింద బెదిరిపోయిన ఒక స్త్రీ పక్కనున్న మనిషిని పట్టుకొని వెనక్కి ఒదుగుతుంది.

ఇరవై ఏళ్ల క్రితం ఎగ్మూరులో నేను ఆ ఫలకం ముందు చాలాసేపు నిలబడ్డాను. నా కన్ను మొదట పడింది మోకరిల్లిన ఏనుగు మీద. ఆ తరువాతే, ఇది ఏ ఏనుగు అని వెతికితే, ఎడమవైపుది కనిపించింది. కన్నుకు ఉన్న ఈ స్వేచ్ఛ చెవికి లేదు. రాయి అంతా ఒక్కసారే మన ముందు ఉంటుంది, సంగీతం మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా వస్తుంది, రెండో సగం వినేసరికి మొదటి సగం చేతిలో ఉండదు. కాబట్టి మొదటి ఏనుగును వినేవాడు గుర్తుపెట్టుకొంటేనే రెండో ఏనుగు అదేనని పోల్చగలడు. ఆ అమ్మాయి రచనలో పోల్చుకోవడానికి ఏమీ లేదు. అఠాణాలో ఒక ఏనుగు వచ్చి వెళ్లిపోయింది, నీలాంబరిలో ఇంకెవరో పడుకొన్నారు. నాకు కనిపించిన లోపాలన్నిటికీ ఇదే మూలమనిపించి, తక్కినవన్నీ చిన్నవైపోయాయి.

ఇక్కడే నాకు పెద్ద శోధన ఎదురైంది. మందు నా దగ్గర సిద్ధంగా ఉంది. మోహన రాగంలో గాంధారాన్ని షడ్జంగా భావించి అవే స్వరాలను వాయిస్తే హిందోళ రాగం అవుతుందని సంగీతం నేర్చినవాళ్లందరికీ తెలుసు. మొదటి సగం హిందోళంలో నడిపి, రెండో సగంలో అవే స్వరస్థానాలను ఉంచి షడ్జాన్ని మాత్రం మార్చితే మోహనం వెలుగుతుంది: శరీరం అదే, స్థితి వేరు. ఇలా షడ్జాన్ని మార్చే గ్రహభేదం ఇంత చక్కగా అతికే కథ ఇంకొకటి దొరకదని పొంగిపోయి, ఫోను తీసి ఈ ఉపాయమంతా టైపు చేశాను. పంపించే ముందు, ఒకసారి వాయించి చూద్దామని వీణ ఒడిలోకి తీసుకొన్నాను. నాలుగు మీటులకే సంగతి బయటపడింది. వీణకు పక్కనున్న మూడు తాళపు తీగలు షడ్జ పంచమ షడ్జాలకు కట్టి ఉంటాయి. నేను ఆధారాన్ని ఎక్కడికి మార్చాలనుకొన్నా, తాళం వేసిన ప్రతిసారీ అవి పాత షడ్జాన్నే ఎత్తి చూపుతాయి. పైగా అడుగున శ్రుతి పెట్టె. వయొలిన్ మీద, వేణువు మీద కాసేపు నమ్మించవచ్చు గానీ, ఆమె కట్టుకొన్న ఈ వాద్య సమ్మేళనంలో నా ఉపాయం నిలిచేది కాదు. టైపు చేసినదంతా చెరిపేశాను. ఆ అమ్మాయి అఠాణాను ఎందుకు ఎంచుకొన్నదో అడగకుండానే దాన్ని తీసి పారేశానని కూడా అప్పుడే గమనించాను.

ఎదుటివాడి రచనను బాగుచెయ్యబోయి మన రచనగా మార్చేయడం సంగీతలోకంలో పాత జబ్బే. రష్యా స్వరకర్త ముసోర్గ్‌స్కీ, 1873లో చనిపోయిన తన మిత్రుడు హార్ట్‌మన్ చిత్రాల ప్రదర్శన మరుసటి ఏడాది జరిగినప్పుడు, ఆ బొమ్మల మీద పియానోకు ఒక రచనల మాల కూర్చాడు. అందులో ఒకటి ఎడ్లబండి. ముసోర్గ్‌స్కీ రాతప్రతిలో ఆ బండి మొదటి స్వరం నుంచే పూర్తి బరువుతో, గట్టిగా మొదలవుతుంది. ఆయన చనిపోయాక 1886లో దాన్ని అచ్చువేయించిన మరో స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్, బండి దూరంనుంచి వస్తే బాగుంటుందనుకొన్నాడో ఏమో, మెల్లగా మొదలై క్రమంగా పెరిగేటట్టు దిద్దాడు. 1922లో ఫ్రెంచి స్వరకర్త రవెల్ ఆ రచనను వాద్యబృందానికి అమర్చినప్పుడూ ఆ దిద్దుబాటే నడిచింది. దిద్దినాయన సామాన్యుడు కాడు, దిద్దుబాటు వినడానికి బాగుంటుంది కూడా. అయినా ముసోర్గ్‌స్కీ బండి మన పక్కనే ఉండగా మొదలైంది, దూరంనుంచి రాలేదు. నా కాగితం మీద కూడా “ఆరంభం మరీ గట్టిగా ఉంది, ఏనుగు దూరంనుంచి రావాలి” అని ఒక మాట ఉంది. ఫలకంలో చూస్తే ఏనుగు అప్పటికే వీధి మధ్యలో ఉంది. ఆ మాట కొట్టేశాను.

సాయంత్రం ఆమెకు ఫోను చేశాను. రాసి పంపితే మాటలు కఠినంగా కనబడతాయి, మనిషి గొంతు వెంట ఉండదు. ముందు నాకు నచ్చినవి చెప్పాను, అవి కూడా నిమిషాలతో: 0:22 దగ్గర తారస్థాయిలో కంపితాన్ని (స్వరాన్ని ఊపే గమకాన్ని) ఆపకుండా పట్టిన చోటు, 5:15 దగ్గర నీలాంబరి మంద్రస్థాయిలోకి జారిన చోటు. మెప్పు కూడా ఎక్కడో చెబితేనే మెప్పు. తరువాత మా ఆవిడ మాటను మార్చకుండా చెప్పాను. ఆమె పకపకా నవ్వి, “ఊరేగింపా! అమ్మగారికి దణ్ణం పెట్టాను అని చెప్పండి” అన్నది.

ఆ తరువాత, 2:05 దగ్గర నడక ఎందుకు కుంటుతోందని అడిగాను. తప్పు అనలేదు, ఎందుకు అని మాత్రమే అడిగాను. ఒక క్షణం ఆగి, “అది మత్తేభం మాస్టారండీ” అన్నది.

నేను నిశ్చేష్టుడనయ్యాను. మత్తేభ విక్రీడితం, మదపుటేనుగు ఆట. స భ ర న మ య వ గణాలు, పాదానికి ఇరవై అక్షరాలు. గజేంద్రుని మొర విని పరుగెత్తిన విష్ణువు గురించిన “సిరికిం జెప్పఁడు” పద్యం రాని తెలుగువాడు అరుదు, అది ఈ వృత్తమే. ఆ అమ్మాయి ఒక పాదపు లఘుగురువులను, లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున, మాత్రలుగా లెక్కవేసింది. నాలుగు, నాలుగు, అయిదు, మూడు, ఆరు, అయిదు, మూడు, మొత్తం ముప్ఫై. ముప్ఫై మాత్రలు, దెబ్బకు అయిదు మాత్రలుండే ఖండనడలో, ఆరు దెబ్బలకు సరిగ్గా సరిపోతాయి. అందులోనూ ఒక చమత్కారం ఉంది. నాలుగో అక్షరమైన గురువు అయిదో మాత్ర మీద మొదలై ఆరో మాత్రతో ముగుస్తుంది. అంటే “సిరికిం జె” అనేటప్పుడు ఆ “జె” రెండో దెబ్బను మీదుగా దాటిపోతుంది. తక్కిన దెబ్బలన్నీ అక్షరాల మొదట్లోనే సర్దుగా పడతాయి. పాదానికి ఒక్క తడబాటు, తాగిన ఏనుగు ఒక్క అడుగు తప్పడం. ఆమె ఆ పాదాన్ని వీణ మీటులతో వాయించింది, నాకు వినబడిన కుంటు అదే.

అయితే నేను విన్నది పొరపాటా? కాదు. వినేవాడికి ఏదో ఇబ్బంది కలిగిందన్నది నిజం, ఆ ఇబ్బందికి కారణం ఇదీ అని నేను ఊహించినదే తప్పు. మృదంగం వాయించిన కుర్రవాడు రెండో దెబ్బను బలంగా కొడుతున్నాడు. వీణ గురువును సాగదీస్తూ ఆ దెబ్బ మీదుగా పోతున్న క్షణంలోనే గుంకీ వచ్చి దాన్ని కప్పేస్తోంది. దాంతో తడబాటు ఏనుగుదిగా కాక వాయించేవాళ్లదిగా వినబడుతోంది. రెండో దెబ్బ దగ్గర మృదంగం చెయ్యి తేలిక చేస్తే, లేదా ఒట్టి చాపు (కుడిచేతి దెబ్బ) తగిలించి వదిలేస్తే, ఆ గురువు బయటికి వస్తుంది. ఈ మాట చెప్పగానే ఆమె అవతల ఏదో రాసుకొంటున్న చప్పుడు వినబడింది. నేను కాగితం మీద రాసుకొన్న “నడక కుంటుతోంది” అన్న మాటను అలాగే పంపి ఉంటే, ఆమె మత్తేభాన్నే తీసేసి ఉండేది.

ఘీంకారం గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేదు. రాతి ఏనుగు అరవదు, శిల్పి అరుపును చెక్కకుండానే వీధంతా బెదరగొట్టాడు, నువ్వు మత్తేభంలో ఏనుగును నడిపించగలిగి ఉండీ కీబోర్డులో దాచిపెట్టిన అడవి జంతువును తీసి ఎందుకు వదిలావు అని అడిగాను. “అది మా మృదంగం అబ్బాయి సరదా మాస్టారండీ” అంటూ గొణిగింది. తీసేయమని ఖండితంగా చెప్పాను. అన్నీ ప్రశ్నలుగానే అడగాలన్న నియమం నాకు లేదు.

తరువాత రెండు ప్రశ్నలు అడిగి ఊరుకొన్నాను. మొదటిది: “అమ్మా, నీ రచనలో ఏనుగు ఒకటా, రెండా?” రెండోది: “వయొలిన్ ఎవరు?” నీలాంబరిని తప్పుపట్టలేదు, హిందోళం ఊసెత్తలేదు. ఆ రెండు ప్రశ్నలకూ ఆమె వెంటనే జవాబు చెప్పలేదు.

నాలుగు సెకన్ల నిశ్శబ్దం దగ్గర మాత్రం వాదన జరిగింది. రాతిలో రెండు ఏనుగుల నడుమ ఖాళీ లేదు కదా, నువ్వెందుకు పెట్టావు అన్నాను. “రాతిలో లేదండీ. కానీ చూసేవాళ్ల కన్ను ఎడమనుంచి కుడికి పోవాలి కదా, ఆ వ్యవధి అది” అన్నది. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఎగ్మూరులో నా కన్ను ఎంతసేపు ప్రయాణం చేసిందో గుర్తుకు వచ్చి, ఆ నిశ్శబ్దాన్ని ఉంచుకోమన్నాను. అయితే ఆ సమయంలో కీబోర్డు షడ్జం కూడా ఆగిపోవడంవల్ల రికార్డింగే అయిపోయిందనిపిస్తోందని, శ్రుతి ఒక్కటైనా మిగలాలని చెప్పాను, ఒప్పుకొన్నది.

ఆ తరువాతి శనివారం ఆమె గుంటూరు వచ్చినప్పుడు, వాళ్ల అమ్మగారిని కూడా వెంటబెట్టుకొని ముగ్గురం బస్సులో అమరావతి వెళ్లాము. ఆమె ఆ ఫలకాన్ని ఫోను తెర మీద తప్ప చూడలేదు. అది తప్పేమీ కాదు. రక్మనినోవ్ అనే మరొక రష్యా స్వరకర్త 1907లో పారిసులో ఒక చిత్రపు నలుపు తెలుపు నకలును చూసి, దాని ఆధారంగానే మృతుల ద్వీపానికి సాగే పడవ మీద పెద్ద వాద్య రచన చేశాడు. తెడ్డు వేసే కదలిక కోసం అయిదు మాత్రల లయను ఎంచుకొన్నాడు, మన ఖండచాపు లాంటిదే. అసలు చిత్రాన్ని రంగుల్లో చూశాక ఆయనకు అంతగా రుచించలేదట. కాబట్టి నకలు చూసి చేసినంత మాత్రాన రచన చిన్నబోదు. కానీ ఫోను తెర మీద ప్రతిదీ ఒకే మట్టంగా కనబడుతుంది, ఆమె రికార్డింగులో వాద్యాలన్నీ ఒకే మట్టంగా వినబడుతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం నాకు ఉండింది.

అక్కడి మ్యూజియంలో నలగిరి లేడు. కానీ అదే పలనాటి సున్నపురాయిలో చెక్కిన ప్రాకారపు ముక్కలు, పద్మాల ఫలకాలు, మనుషులు కిక్కిరిసిన పలకలు ఉన్నాయి. ఆమె ఒక పలక పక్కకు వెళ్లి, గోడకు చెంప ఆనించినంత దగ్గరగా నిలబడి, ఏటవాలుగా చూసింది. ముందు వరుసలోని మనుషుల భుజాలు రాతిలోంచి దాదాపు బయటికి వచ్చి ఉన్నాయి, వాళ్ల వెనకవాళ్లు సగమే లేచి ఉన్నారు, ఆ వెనక ఉన్నవాళ్లు గీతలకంటె కొంచెం ఎక్కువ. ఫొటోలో ముగ్గురూ ఒక్కలాగే కనిపిస్తారు. “మాస్టారండీ, మృదంగం ముందు వరుసలో నిలబడిపోయింది” అన్నది ఆమె, నేను నోరు విప్పకముందే. వాళ్ల అమ్మగారు, “మృదంగం ఎక్కడుందే ఇక్కడ?” అని పలకంతా వెతికారు.

తిరుగు ప్రయాణంలో ఆమె ఎక్కువగా మాట్లాడలేదు, ఒడిలో వేళ్లతో మాత్రలు లెక్కపెట్టుకొంటూ కూర్చుంది.

మూడు వారాలకు కొత్త రికార్డింగు వచ్చింది. నిడివి 7 నిమిషాల 48 సెకన్లు. ఘీంకారం పోయింది, ఆ చోట మృదంగం ఒక ఆవర్తం పాటు పూర్తిగా ఆగిపోయి వీణ ఒక్కటే మత్తేభపు పాదాన్ని నడిపింది. రెండో దెబ్బ మీద చెయ్యి తేలికైంది, “జె” దగ్గర అడుగు తడబడడం స్పష్టంగా వినబడుతోంది. వయొలిన్ మొదటి సగంలో చాలాసేపు మౌనంగా ఉండి, ఎక్కడో పైనుంచి, ఉలిక్కిపడి ఊపిరి పట్టినట్టు, చిన్న చిన్న పలుకులు మాత్రమే పలుకుతోంది. వయొలిన్ ఎవరో ఆమె నాకు చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు, మేడ కిటికీలు తెరుచుకొన్నాయి.

నీలాంబరి అలాగే ఉంది. కాని ఆ నీలాంబరి కింద ముప్ఫై మాత్రల ఆ పాదమే నడుస్తోంది, ప్రతి మాత్రనూ రెండింతలు చేసి, అరవైగా. గురువులు సాగి, వాటి మధ్య గమకానికి చోటు దొరికి, రెండో దెబ్బ దగ్గరి తడబాటు ఇప్పుడు తడబాటుగా లేదు, పెద్ద శరీరం ముందుకాలు వంచేటప్పుడు ఒక్క క్షణం ఆగినట్టుంది. రాగాలు రెండు ఉండగా ఏనుగు ఒక్కటే కావడానికి ఇంత సులువైన దారి ఉందని నాకు తోచలేదు. నేను రాగంలో వెతికాను, ఆమె లయలో పట్టుకొన్నది.

పాత పద్ధతిలోనే తలుపు వేసి స్పీకరు మీద విన్నాను. మా ఆవిడ ఈసారి చేతిలో చిక్కుడుకాయల పళ్లెంతో వచ్చి గుమ్మంలో నిలబడి కొంతసేపు విని, “ఇందాకటి దరువే కదా, ఎందుకో నెమ్మదించింది” అన్నది. ఆ మాట కాగితం మీద రాశాను. దాని కింద, రెండోసారి విన్నాక, మరొకటి రాశాను: 6:41, మంద్రంలోకి దిగినప్పుడు వీణ కీబోర్డు షడ్జంలో కలిసిపోతోంది, ఆ నాలుగు స్వరాలు నాకు వినబడలేదు. రాత్రి ఫోను చేసి చెప్పాలి.